పాత అనలాగ్ మిక్సింగ్ కన్సోల్‌ని ఇంట్లోనే మాడ్ చేద్దామనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కన్సోల్ ఫొటో పెట్టిన ప్రతిసారీ నాకు అవే పది ఇరవై ప్రశ్నలు వస్తున్నాయి. విడివిడిగా జవాబులు రాసి రాసి వేళ్లు నొప్పి పుట్టి, అన్నీ ఒకచోట పెడుతున్నాను. నా దగ్గరున్నది ఎనభైల నాటి 16 ఛానెళ్ల బ్రిటిష్ డెస్క్. పవర్ సప్లై వేరే పెట్టెలో ఉంటుంది, లోపలంతా టీఎల్072 అనే ఆప్‌ఆంప్ ఐసీలే (సిగ్నల్‌ని పెంచే చిన్న చిప్‌లు). అందుకని ఉదాహరణలన్నీ ఆ తరహావే. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరుసగా చదవనక్కర్లేదు.

## సోల్డరింగ్ ఐరన్ ఆన్ చెయ్యకముందు

పాత బోర్డు ఇప్పుడే కొన్నాను, ముందు ఏ మాడ్ (మెరుగుపరిచే మార్పు) చెయ్యమంటారు?

ఏదీ వద్దు. ఒక నెల రోజులు దాని మీద పని చెయ్యండి, పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఛానెల్ 3లో హిస్ (బుస్సుమనే శబ్దం) ఎక్కువ, 7లో ఆక్స్ 2 పాట్ (నాబ్ కింద తిరిగే భాగం) కరకర, 11 అరగంట తర్వాత ఆగిపోతోంది, ఇలా ఏది కనిపిస్తే అది రాసుకోండి. నెల తర్వాత ఆ లిస్టు చూస్తే మీకే అర్థమవుతుంది, అందులో ముప్పాతిక వంతు రిపేర్లే. నలభై ఏళ్ల బోర్డు కొత్తగా ఉన్నప్పుడు ఎలా పలికేదో మనం వినలేదు కదా, ముందు దాన్ని ఆ స్థితికి తెచ్చాక కూడా నచ్చకపోతే అప్పుడు మార్చాలి. మాడ్ అనుకుని మొదలుపెట్టిన సగం మంది చివరికి చేసేది ఎండిపోయిన కెపాసిటర్లు మార్చడం, జాకులు తుడవడం. అందులో తప్పేమీ లేదు, పేరే కాస్త గొప్పగా పెట్టుకుంటారు.

నా బోర్డు మాడ్ చెయ్యడానికి పనికొస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

పైనున్న స్క్రూలు చూడండి. ఒక్కో ఛానెల్ విడిగా, పట్టీలా పైకి ఊడి వస్తే మీ అదృష్టం బాగున్నట్టే. ఒక ఛానెల్ టేబుల్ మీద పెట్టుకుని పని చేస్తుంటే మిగతా పదిహేనూ నడుస్తూనే ఉంటాయి. ఛానెళ్లన్నీ కలిపి అడ్డంగా ఒకే పెద్ద పీసీబీ (సర్క్యూట్ ప్లేటు) అయితే, ఒక్క కెపాసిటర్ కోసం నాబ్‌లన్నీ లాగి, వందకు పైగా నట్లు విప్పి, మళ్లీ బిగించాలి. అలాంటిదాన్ని రిపేర్ చేసి వాడుకోండి, మాడ్ జోలికి పోకండి.

ఇంకో సంగతి. మీ చేతిలో ఉన్నది డెబ్బైల నాటి నీవ్ లాంటిదైతే ఐరన్ పక్కన పెట్టెయ్యండి. వాటికి విలువంతా ఒరిజినల్‌గా ఉండడంలోనే ఉంది.

సర్క్యూట్ డయాగ్రం దొరకలేదు, అయినా మొదలుపెట్టొచ్చా?

సౌండ్‌క్రాఫ్ట్, అలెన్ అండ్ హీత్, యమహా, టాస్కామ్ లాంటి పెద్ద పేర్లున్న పాత మోడళ్లలో చాలావాటికి సర్వీస్ మాన్యువల్ స్కాన్లు నెట్‌లో తిరుగుతూనే ఉంటాయి, ముందు బాగా వెతకండి. దొరికినా గుడ్డిగా నమ్మొద్దు. అదే మోడల్‌లో కంపెనీ మధ్యమధ్యలో మార్పులు చేసి ఉంటుంది, మీకంటే ముందున్న ఓనరు కూడా ఏదో చేసి ఉంటాడు. అసలు దొరక్కపోతే ఒక ఛానెల్ విప్పి, పీసీబీ రెండు వైపులా ఫొటోలు తీసి, ట్రాకులు మల్టీమీటర్‌తో బీప్ చూసుకుంటూ కాగితం మీద గీయండి. రెండు సాయంత్రాల పని. ఆ రెండు సాయంత్రాల్లో నేర్చుకున్నంత నేను ఏ వీడియోలోనూ నేర్చుకోలేదు.

ఆసిలోస్కోప్ లేకపోతే కుదరదా? ఏమేం కొనాలి?

టెంపరేచర్ కంట్రోల్ ఉన్న ఐరన్, మంచి డీసోల్డరింగ్ పంపు, విక్ (సోల్డర్ పీల్చే రాగి పట్టీ), 63/37 లెడ్ సోల్డర్, మల్టీమీటర్, ఇవి తప్పవు. పాత పీసీబీల ట్రాకులు వేడికి ఊరికే లేచిపోతాయి కాబట్టి ఐరన్ దగ్గర పీనాసితనం వద్దు. హిస్, హమ్ (గుమ్మనే శబ్దం), ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ కొలవడానికి మీ ఆడియో ఇంటర్‌ఫేసూ ఒక ఉచిత సాఫ్ట్‌వేరూ చాలు.

కానీ కొత్త ఐసీలు వేసే ఆలోచన ఉంటే స్కోప్ కావాలి, అరువైనా తెచ్చుకోండి. వేగమైన ఆప్‌ఆంప్ పాత లేఅవుట్‌లో కూర్చుంటే మెగాహెర్ట్జ్‌ల్లో ఆసిలేట్ అవ్వొచ్చు, అంటే తనంతట తానే కంపించొచ్చు. ఇంటర్‌ఫేస్ 192 కిలోహెర్ట్జ్‌లో నడిచినా 96 కిలోహెర్ట్జ్ దాకానే చూస్తుంది. చెవికి ఏదో గరగరగా ఉన్నట్టుంటుంది, ఐసీ వేడెక్కుతుంది, కారణం మాత్రం తెలీదు.

షాక్ కొడుతుందేమోనని భయంగా ఉంది, ఎంత జాగ్రత్త కావాలి?

ఆ భయం ఉండనివ్వండి. ఛానెళ్లలో ఉండేది 15 నుంచి 18 వోల్టులు, ఫాంటమ్ (మైకులకు కేబుల్ మీదే పంపే పవర్) 48 వోల్టులు, వాటితో పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదమంతా 230 వోల్టులు వచ్చే పవర్ సప్లై పెట్టెలోనే. ప్లగ్ పీకాక కూడా పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో ఛార్జ్ ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి చిటపటలాడించే అలవాటు మానుకుని ఒక రెసిస్టర్‌తో ఖాళీ చెయ్యండి, మీటర్ పెట్టి సున్నాకి వచ్చిందో లేదో చూడండి.

రిపేర్ చేసిన సప్లైని మొదటిసారి నేరుగా ప్లగ్‌లో పెట్టొద్దు. టీవీ మెకానిక్‌ల దగ్గర ఉండే సిరీస్ బల్బు బోర్డు చేసుకోండి, 60 లేదా 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బుతో. ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే సరే. అలాగే వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే ఆపెయ్యండి.

## పవర్, ఎర్త్, హమ్

హమ్ వస్తోంది, కెపాసిటర్లన్నీ మార్చేస్తే పోతుందా?

ముందు ఆ హమ్ ఏ స్వరంలో ఉందో వినండి. 61 మీటల కీబోర్డులో ఎడమవైపు నుంచి మొదటి జీ నొక్కితే వచ్చేది 98 హెర్ట్జ్. మీ హమ్ దానికి ఆనుకుని, కాస్త గరుకుగా ఉంటే అది 100 హెర్ట్జ్, అంటే ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ తర్వాత మిగిలే అల, రిపుల్. ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయి, లేదా రెగ్యులేటర్‌కి సరిపడా వోల్టేజ్ అందడం లేదు. సరిగ్గా ఒక స్థాయి కింద, మెత్తగా గుమ్మంటూ ఉంటే అది 50 హెర్ట్జ్. గ్రౌండ్ లూప్ (ఎర్త్ దారులు రెండు కలిసి చుట్టులా అవ్వడం) కావచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్లో కేబుల్ పోతూ ఉండొచ్చు. ఈ రెండో రకానికి మీరు ఎన్ని కెపాసిటర్లు మార్చినా డబ్బు దండగే. కన్సోల్‌కున్న కేబుళ్లన్నీ పీకేసి హెడ్‌ఫోన్ ఒక్కటే పెట్టి వినండి. హమ్ పోతే జబ్బు బోర్డులో లేదు, మీ వైరింగ్‌లో ఉంది.

ఎర్త్ పిన్ తీసేస్తే హమ్ పోయింది, అలాగే వదిలెయ్యొచ్చా?

వద్దు. లోపల ఒక లైవ్ వైరు ఊడి బాడీకి తగిలితే ఆ కరెంటు పోవడానికి దారి ఎర్త్ వైరే. అది లేకపోతే మైకు పట్టుకుని పాడేవాళ్లలోంచి పోతుంది. హమ్ పోవడమంటే గ్రౌండ్ లూప్ ఉందని తేలింది, అంతవరకే దాని ఉపయోగం. కన్సోల్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు అన్నీ ఒకే పవర్ స్ట్రిప్ మీదికి తెచ్చి చూడండి, బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వాడండి, అయినా పోకపోతే ఆడియో లైనులో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి.

పాత డెస్కులకు ఇంకో జబ్బుంది. ఎక్స్‌ఎల్ఆర్ (మూడు పిన్‌ల మైకు సాకెట్) పిన్ 1 బాడీకి కాకుండా నేరుగా పీసీబీ ఆడియో గ్రౌండ్‌కి పోతుంది. కేబుల్ షీల్డ్ మోసుకొచ్చిన చెత్తంతా అలా సర్క్యూట్‌లోకి దిగుతుంది. పిన్ 1 నుంచి దగ్గర్లోని లోహానికి పొట్టి, లావు వైరు వేస్తే కొన్ని బోర్డులు ఆశ్చర్యంగా నిశ్శబ్దమైపోతాయి. రూపాయి ఖర్చు లేని మాడ్ ఇది, నా లెక్కలో చాలా ఖరీదైన ఐసీల కంటే మేలు.

టీఎల్072 తీసేసి అన్నిచోట్లా 5532 (నాయిస్ తక్కువుండే ఇంకో ఆప్‌ఆంప్) వేస్తే పవర్ సప్లై తట్టుకుంటుందా?

లెక్క వెయ్యకుండా వేస్తే తట్టుకోదు, నేను చెయ్యి కాల్చుకునే చెబుతున్నాను. టీఎల్072 ఒక్కోటి సుమారు 2.8 మిల్లీఆంపులు తాగుతుంది, ఎన్‌ఈ5532 సుమారు 8. ఛానెల్‌కి 7 చొప్పున 16 ఛానెళ్లకు 112, మాస్టర్‌లో ఇంకో 20, మొత్తం 132 ఐసీలు. ముందు 370 మిల్లీఆంపులు పోయేచోట ఇప్పుడు ఒక ఆంపు దాటుతుంది. ±17 వోల్టుల మీద అదనంగా 23 వాట్ల వేడి, అదంతా మీ చేతుల కింద, కన్సోల్ లోపలే. రెగ్యులేటర్ సంగతి ఇంకా ఘోరం. లోపలికి 24 వోల్టులు వస్తుంటే అది ముందు 2.6 వాట్లు కక్కేది, ఇప్పుడు 7 దాటుతుంది.

నేను ఉత్సాహంగా ఒక్క వారంలో అన్నీ మార్చేశాను. మే నెల, ఏసీ ఆఫ్‌లో ఉంది. మొదటి గంట అంతా బ్రహ్మాండం. తర్వాత ఒక వాసన, మందులషాపు అట్టపెట్టె ఎండలో మాడినట్టు. హీట్‌సింక్ మీద వేలు పెట్టి వెంటనే తీశాను. ఆ క్షణంలోనే మైనస్ వైపు రెగ్యులేటర్ వేడికి షట్‌డౌన్ అయింది, ఐసీలన్నీ ప్లస్ వైపుకి ఒక్కసారిగా దూకాయి, స్పీకర్లో ధబ్‌మని ఒక శబ్దం. ఎడమ ట్వీటర్ అంతటితో సరి. సగం 5532లు పీకి మళ్లీ టీఎల్072లే పెట్టాను, చెవికి ఏ తేడా తెలియలేదు.

రెగ్యులేటర్ నేనే మార్చుకోవచ్చా, అది సులువే కదా?

సులువే, కానీ పిన్‌లు చూసుకోండి. ప్లస్ 15 వోల్టుల 7815కి వరుస ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. మైనస్ 15 వోల్టుల 7915కి గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. రెండూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. 7815 వెనక రేకు గ్రౌండ్, 7915 వెనక రేకు ఇన్‌పుట్. అందుకే మైకా ముక్క, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి, బిగించాక మీటర్‌తో బీప్ రావడం లేదని చూసుకోవాలి. వేసవి సాయంత్రాలు మీ లైన్ వోల్టేజ్ 190కి పడిపోయే ఊరైతే అప్పుడు కూడా రెగ్యులేటర్ ఇన్‌పుట్, అవుట్‌పుట్ కంటే మూడు వోల్టులైనా ఎక్కువ ఉందా అని కొలవండి. లేకపోతే పగలు శుభ్రంగా ఉన్న బోర్డు రాత్రి బుర్రుమంటుంది. అమెరికా నుంచి తెప్పించుకున్నదైతే ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ 120 వోల్టులకే కట్టి ఉందేమో ముందు చూడండి.

## ఛానెళ్లు

కెపాసిటర్లు ఏవి మార్చాలి? పెద్ద విలువలు వేస్తే బేస్ బాగా వస్తుందా?

ఎలక్ట్రోలిటిక్‌లు మాత్రమే మార్చండి. ఫిల్మ్, సిరామిక్ కెపాసిటర్లు పగిలితేనో చెడిపోతేనో తప్ప ముట్టుకోకండి, ముఖ్యంగా ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దే భాగం) చుట్టూ ఉన్నవి, ఆ బోర్డు గొంతు అక్కడే ఉంది. 105 డిగ్రీల రకం తీసుకోండి. వాడే వేడి పది డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది, మన ఎండలకు అది చిన్న విషయం కాదు. మైక్ ఇన్‌పుట్‌లో ఫాంటమ్‌ని ఆపే రెండు కెపాసిటర్లకు 63 వోల్టుల రేటింగ్ ఉండాలి. విలువ కాస్త పెరిగితే ఫర్వాలేదు. 22 మైక్రోఫారడ్ బదులు 470 వేస్తే కొత్తగా వచ్చే బేస్ ఏమీ ఉండదు, ఆన్ చేసినప్పుడు దబ్బుమనడం, గది రంబుల్ మాత్రం వస్తాయి.

ప్లస్, మైనస్ చూసి వెయ్యండి. పీసీబీ మీద ముద్రించిన గుర్తే తప్పున్న బోర్డులు కూడా ఉన్నాయి, పాతది తీసేముందు ఫొటో తియ్యండి.

అన్నిటికంటే మంచి ఆప్‌ఆంప్ ఏది, ఒక్క పేరు చెప్పండి?

చెప్పలేను, ఎందుకంటే ఐసీ ఎక్కడ కూర్చుంటుందన్నదే అసలు లెక్క. నాయిస్ అంకె చూస్తే టీఎల్072 రూట్ హెర్ట్జ్‌కి 18 నానోవోల్టులు, ఓపీఏ2134 8, ఎన్‌ఈ5532 5, ఎల్ఎమ్4562 2.7. ఇది చూసి అందరూ చివరిదానికి ఎగబడతారు. దాని బ్యాండ్‌విడ్త్ 55 మెగాహెర్ట్జ్, టీఎల్072ది 3. పొడుగాటి ట్రాకులు, పక్కన డీకప్లింగ్ కెపాసిటర్లు లేని పాత పీసీబీలో అంత వేగం తలనొప్పే. ఒకవేళ వేస్తే ప్రతి ఐసీకి 4, 8 పిన్‌ల దగ్గరే 100 నానోఫారడ్ సిరామిక్‌లు పెట్టి, స్కోప్‌తో చూడండి.

నా పద్ధతి ఇది. మిక్స్ బస్ (ఛానెళ్లన్నీ కలిసే చోటు) యాంపులు, లైన్ అవుట్‌పుట్‌లు, తక్కువ రెసిస్టర్ విలువలున్న చోట్లు 5532కి. పాట్ నేరుగా ఇన్‌పుట్‌కి తగిలే చోట్లు, వంద కిలోఓమ్‌ల రెసిస్టర్లున్న ఈక్యూ భాగాలు ఎఫ్ఈటీ (దాదాపు కరెంట్ లాగని ట్రాన్సిస్టర్) ఇన్‌పుట్ ఉన్నవాటికి, అంటే టీఎల్072 గానీ ఓపీఏ2134 గానీ. డైనమిక్ మైక్ పెట్టి గెయిన్ బాగా పెంచితే వచ్చే హిస్ మైక్ ప్రీ మొదటి ట్రాన్సిస్టర్లది, వెనకున్న ఐసీ మార్చినా అది కదలదు.

కొత్త ఐసీ వేశాక పాట్ తిప్పితే కరకరమంటోంది, పాట్ పోయిందా?

పాట్ బాగానే ఉండి ఉంటుంది. 5532 ఇన్‌పుట్ మామూలుగా 200 నానోఆంపుల దాకా బయాస్ కరెంట్ లాగుతుంది. అది 100 కిలోఓమ్‌ల గుండా పోతే 20 మిల్లీవోల్టుల డీసీ తయారవుతుంది. డీసీ ఉన్న పాట్ తిప్పితే కరకరే. టీఎల్072లో ఆ కరెంట్ లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి డిజైనర్ అక్కడ కెపాసిటర్ పెట్టలేదు. పాత ఐసీ తిరిగి వేసి చూడండి, కరకర పోతే ఇదే కారణం.

ఐసీలకు సాకెట్లు పెట్టాలా?

ప్రయోగం చేసే ఒక్క ఛానెల్‌లో పెట్టండి, గుండ్రటి పిన్‌లున్న రకం. మిగతాచోట్ల నేరుగా సోల్డర్ చెయ్యడమే మేలు. సముద్రం దగ్గరున్న ఊళ్లలో చవక సాకెట్లు రెండు వర్షాకాలాలకే నల్లబడతాయి.

కోఠిలో కొన్న ఐసీలు ఒరిజినల్‌వేనా?

గుజరాతీ గల్లీలో నేనూ కొంటాను, అక్కడ మంచి సరుకూ ఉంటుంది, పేరు చెరిపి పేరు వేసినదీ ఉంటుంది. ఇంటికొచ్చాక బ్రెడ్‌బోర్డు మీద పెట్టి, రెండు సెక్షన్లనూ బఫర్‌గా కట్టి, ±15 వోల్టులిచ్చి, ప్లస్ లైన్లో మిల్లీఆంప్ మీటర్ పెట్టండి. 5532 అని రాసి ఉండి 3 మిల్లీఆంపులే తీసుకుంటే అది ఇంకేదో ఐసీ. 8కి అటూ ఇటూ ఉంటే నమ్మొచ్చు. వంద కొనేముందు రెండు కొని ఇలా చూడండి.

ఛానెల్ ఆగి ఆగి వస్తోంది, ఫేడర్లు (జరిపే వాల్యూమ్ నాబ్‌లు) కరకరమంటున్నాయి, ఇంట్లో ఉన్న తుప్పు స్ప్రే కొట్టొచ్చా?

తలుపు బందులకు కొట్టే స్ప్రే ఫేడర్‌లో కొడితే గ్రీజంతా కరిగి, దుమ్ము పట్టి, ఆరు నెలల్లో ఇంకా పాడవుతుంది. ఎలక్ట్రానిక్స్‌కి వేరేగా కాంటాక్ట్ క్లీనర్ దొరుకుతుంది, అది కూడా కొద్దిగానే. ఆగి ఆగి రావడానికి కారణం మాత్రం పదిలో ఎనిమిదిసార్లు ఇన్‌సర్ట్ జాక్ (బయటి ఎఫెక్ట్ పెట్టెను ఛానెల్ మధ్యలో కలిపే సాకెట్). ఏమీ గుచ్చనప్పుడు సిగ్నల్ ఆ జాక్ లోపలి రేకుల మీదుగానే పోతుంది, ఏళ్ల తరబడి వాడకపోతే అవి చిలుము పడతాయి. టిప్, రింగ్ (జాక్ కొన, దాని వెనకున్న పట్టీ) కలిపి షార్ట్ చేసిన ఒక స్టీరియో జాక్ తయారుచేసి గుచ్చండి. శబ్దం తిరిగొస్తే దొంగ దొరికినట్టే.

## పెద్ద పనులు

నా బోర్డుకు డైరెక్ట్ అవుట్‌లు (ఒక్కో ఛానెల్‌కి విడి అవుట్‌పుట్) లేవు, పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, మల్టీట్రాక్ రికార్డింగ్‌కి నిజంగా పనికొచ్చే మాడ్ ఇదే. ఫేడర్ తర్వాతి బఫర్ ఐసీ అవుట్‌పుట్ పిన్ దగ్గర్నుంచి 47 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని తర్వాత 100 ఓమ్ రెసిస్టర్, అక్కడి నుంచి జాక్ టిప్‌కి. కెపాసిటర్ బయటివైపు నుంచి గ్రౌండ్‌కి 100 కిలోఓమ్ ఒకటి వేస్తే ప్లగ్ పెట్టినప్పుడు టప్‌మనదు. ఆ 100 ఓమ్ మానెయ్యొద్దు, పొడుగు కేబుల్ కెపాసిటెన్స్‌కి ఐసీ వణకకుండా ఆపేది అదే. చిల్లులు వెయ్యాలంటే మాడ్యూల్ పూర్తిగా బయటికి తీసి వెయ్యండి. లోపలుండగా డ్రిల్ చేస్తే ఇనుప రజను ఎక్కడ చేరుతుందో దేవుడికే తెలియాలి.

ఫేడర్‌కి ముందు సిగ్నల్ చాలనుకుంటే మాడ్ కూడా అక్కర్లేదు. ఇన్‌సర్ట్ సెండ్ టిప్‌లో ఉన్న డెస్క్ అయితే, టిప్, రింగ్ కలిపిన స్టీరియో జాక్ గుచ్చి దాన్నే అవుట్‌గా వాడుకోవచ్చు.

ఫేడర్లన్నీ దించేసినా మాస్టర్‌లో హిస్ ఉంది, ఎలా తగ్గించాలి?

16 ఛానెళ్లు ఒక సమ్మింగ్ యాంప్‌లోకి వస్తే, ఆ ఐసీ సొంత నాయిస్ 17 రెట్లు పెరుగుతుంది, అంటే దాదాపు 25 డీబీ. అందుకే ఈ ఒక్క చోట ఐసీ మార్పు ఖాయంగా తెలుస్తుంది. 22 కిలోఓమ్‌ల మిక్స్ రెసిస్టర్లున్న బోర్డులో టీఎల్072 బదులు 5532 వేస్తే, రెసిస్టర్ల నాయిస్ కలుపుకున్నా లెక్క ప్రకారం 8 డీబీ దాకా తగ్గాలి. రెండు మూడు ఐసీలతో అయిపోయే పని, సప్లై మీద బరువూ ఉండదు. కొన్ని డెస్కుల్లో వాడని ఛానెల్‌కి మిక్స్ అసైన్ బటన్ పైకి లేపినా హిస్ తగ్గుతుంది, ఐరన్ ముట్టుకోకముందు అది చూడండి.

## చేశాక

ఒక ఛానెల్ మొత్తం మార్చాను, పక్కదానితో పోలిస్తే తేడా తెలియడం లేదు, ఏం తప్పు చేశాను?

బహుశా ఏ తప్పూ చెయ్యలేదు, తేడా నిజంగానే అంత తక్కువేమో. ఒకే ట్రాక్‌ని రెండు ఛానెళ్లలోకీ పంపి రెండూ ఒకేసారి రికార్డ్ చెయ్యండి, లెవెల్ 0.1 డీబీ లోపు కలపండి, ఒకదాని పోలారిటీ తిప్పి రెండూ కలిపి వినండి. మిగిలేదే తేడా. నా మొదటి ఛానెల్‌లో మిగిలింది చాలావరకు ఈక్యూ పాట్ల టాలరెన్స్. మూడు ఆదివారాల కష్టం అది. కాస్త బాధేసింది కానీ మిగతా పదిహేను ఛానెళ్లనూ ఇలా మొత్తం మార్చే డబ్బు మిగిలింది.

మొత్తం ఎన్నాళ్లు పడుతుంది?

కెపాసిటర్లు, జాకులు, టెస్టింగ్ కలిపి మొదటి ఛానెల్‌కి రోజంతా, చెయ్యి తిరిగాక మూడు గంటలు. ఉద్యోగం చేసుకుంటూ 16 ఛానెళ్లంటే మూడు నాలుగు నెలలు. రాత్రి పదకొండు తర్వాత సోల్డరింగ్ వద్దు, నేను లేపేసిన ప్యాడ్‌లన్నీ ఆ టైములోవే.

తర్వాత అమ్మితే రేటు పడిపోతుందా?

ఏం చేశారో రాసి ఉంటే పెద్దగా పడదు, కొనేవాడికి భయమేసేది తెలియనితనానికే. తీసిన పాత ఐసీలు, ఫేడర్లు ఛానెల్ నంబర్లు రాసిన కవర్లలో పెట్టి దాచండి, మార్కప్ చేసిన డయాగ్రం ప్రింటు డెస్క్ లోపల బేస్ ప్లేట్‌కి అతికించండి. నాది మడిచి పవర్ సప్లై మూత లోపలివైపు అంటించాను, దాని మీద టీ మరక కూడా ఉంది.